తక్కువ ఖర్చు ప్రయాణాలకు తేలికైన లాప్‌టాప్: ఎంచుకోవడం, పరీక్షించడం, వెంట తీసుకెళ్లడం

ప్రయాణాల కోసం లాప్‌టాప్ కొనాలనుకున్నప్పుడు నేను ముందు వెళ్లింది మా వీధి చివరి కిరాణా కొట్టుకు. అప్పటికి నా దగ్గరున్నది 15.6 అంగుళాల తెర గల యంత్రం. పెట్టె మీద 2.2 కిలోలు అని రాసి ఉండేది, నేనూ అంతే అనుకునేవాణ్ణి. కందిపప్పు తూచే కాటా మీద దాన్ని, ఇటుక లాంటి ఛార్జర్‌ను, దాని మూడు పిన్నుల లావుపాటి తీగను, మౌస్‌ను, మెత్తటి సంచిని కలిపి పెడితే 3 కిలోల 140 గ్రాములు చూపించింది. దేశీయ విమానాల్లో చేతి సామానుకు మామూలుగా ఇచ్చేదే 7 కిలోలు. అందులో దాదాపు సగం ఈ ఒక్క వస్తువుకే పోతోంది. రైల్లో, బస్సులో సామాను తూచేవారు ఉండరు, కానీ స్టేషన్ నుంచి బస వరకు ఆటో ఖర్చు లేకుండా నడిచే రోజున భుజం తూస్తుంది.

ఆ తర్వాత రెండు లాప్‌టాప్‌లు మార్చాను. తక్కువ డబ్బుతో తిరిగేవారికి నేను గట్టిగా చెప్పగలిగేది ఇది: అదే ధరకు దొరికే కొత్త చవకరకం కన్నా, ఏదో ఆఫీసులో మూడు నాలుగేళ్లు పనిచేసి బయటికి వచ్చిన మంచి యంత్రం మేలు. దాన్ని ఎలా గుర్తించాలో, దుకాణంలో ఎలా పరీక్షించాలో, దారిలో ఎలా కాపాడుకోవాలో వరుసగా చెబుతాను.

మొదటి అడుగు: ఏం పని చేస్తారో కాగితం మీద రాయండి

గత ప్రయాణంలో నిజంగా చేసిన పనులనే రాయండి, చేయాలనుకున్నవి వద్దు. టికెట్లు తీయడం, మ్యాపులు చూడటం, నాలుగు మెయిళ్లకు జవాబివ్వడం, ఇంతేనా? అయితే ఫోను చాలు. రోజూ ఒకటి రెండు పేజీలు రాసుకునే అలవాటుంటే ఫోనుకు జతపడే మడత కీబోర్డు తీసుకోండి, పావుకిలో ఉంటుంది. తెలుగులో రాసేవారు మాత్రం దాన్ని ఇంట్లోనే వారం రోజులు వాడి చూడాలి. ఫోను తెర మీద సాఫీగా వచ్చే తెలుగు, విడి కీబోర్డు తగిలించగానే అంత సాఫీగా రాకపోవచ్చు.

రోజుకు రెండు మూడు గంటలు కూర్చుని రాయడం, లెక్కల పట్టికలు, పాఠాలు, ఫొటోలు సరిచేయడం, ఆఫీసు పని ఉంటే లాప్‌టాప్ కావాలి. వీడియోలు కూర్చేవారి దారి వేరు, వారి మాట కింద వస్తుంది.

రెండో అడుగు: బరువుకు గీత గీయండి

లాప్‌టాప్ ఒక్కటీ 1.3 కిలోలు, ఛార్జర్, తీగ, సంచి అన్నీ కలిపి 1.8 కిలోలు. నా గీత ఇది. ప్రకటనల్లో ఛార్జర్ బరువు రాయరు. పాతకాలపు ఛార్జర్, దాని తీగ కలిస్తే 300 నుంచి 400 గ్రాములు ఉంటాయి. యూఎస్‌బీ-సీ తీగతో ఛార్జయ్యే లాప్‌టాప్ అయితే అరచేతిలో పట్టే గాన్ అనే చిన్న రకం 65 వాట్ల ఛార్జర్ సరిపోతుంది, 150 గ్రాముల లోపే ఉంటుంది, ఫోనుకూ అదే పనికొస్తుంది. అందుకే ప్రయాణపు లాప్‌టాప్‌లో యూఎస్‌బీ-సీ ఛార్జింగ్ లేకపోతే నేను ఇక ముందుకు చూడను.

మూడో అడుగు: తెర

12.5 నుంచి 14 అంగుళాల మధ్య ఎంచుకోండి. బస్సులో ముందు సీటు ప్రయాణికుడు సీటు వెనక్కి వాల్చినప్పుడు 15 అంగుళాల మూత తెరుచుకోదు, 12.5 అంగుళాలది తెరుచుకుంటుంది. 11.6 అంగుళాలవి ఇంకా చిన్నవి, కానీ వాటి కీబోర్డు ఇరుకుగా ఉంటుంది, తెర కూడా తరచుగా నాసిరకం.

తెరలో చూడాల్సింది చుక్కల లెక్క. 1366×768 చుక్కల తెరలు ఇంగ్లిషుకు ఎలాగో సర్దుకుంటాయి, తెలుగుకు సర్దుకోవు. మన లిపిలో అర్థం చిన్న గుర్తుల్లో ఉంటుంది. అలాంటి తెర మీద ఒక తెలుగు వార్త తెరిచి మామూలు దూరం నుంచి చూడండి. ‘థ’ పొట్టలో చుక్క ఉంటుంది, ‘ధ’కు ఉండదు. ఆ చుక్క కనబడక రెండూ ఒకేలా కనిపిస్తే, ‘స్త్ర’ కింది ఒత్తులు ముద్దగా కలిసిపోతే, ఆ తెర మీద మీరు గంటసేపు కూడా హాయిగా చదవలేరు. 1920×1080 చుక్కలు, ఐపీఎస్ రకం తెర కావాలని అడగండి. పక్కనుంచి చూస్తే రంగులు మారిపోయేది ఐపీఎస్ కాదు.

నాలుగో అడుగు: లోపలి సరుకు

కొత్త చవకరకంలో మోసపోయేది ఇక్కడే. పెట్టె కొత్తది, మెరుపు కొత్తది, వారంటీ ఉంది, ధర పాతదానితో సమానం. లోపల సెలెరాన్ ఎన్4020 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 64 జీబీ ఈఎంఎంసీ నిల్వ. ఆ ప్రాసెసర్‌కు కోర్లు, అంటే లోపల పని చేసే భాగాలు, రెండే. ఈఎంఎంసీ అంటే మామూలు ఎస్‌ఎస్‌డీ కన్నా బాగా నెమ్మదైన నిల్వ, బోర్డుకే అతికించి ఉంటుంది, మార్చడానికి వీలుండదు. విండోస్ 11కు కనీస అవసరమే 64 జీబీ. కొన్నాళ్లకు ఒక అప్‌డేట్ దిగడానికి చోటుండదు. ఇలాంటిదాన్ని నేను ఏడాదిన్నర మోశాను. బసలో అందరూ పడుకున్నాక కూర్చుని, ఒక పేజీ తెరుచుకునేదాకా వేళ్లు కీల మీదే ఉంచి ఎదురుచూసిన రాత్రులు నాకు గుర్తున్నాయి. కొత్త చవకరకమే కావాలనుకుంటే కనీసం ఇంటెల్ ఎన్100 ఉన్నది చూడండి. దానికి నాలుగు కోర్లు, కరెంటు కూడా చాలా తక్కువ తాగుతుంది.

మన అవసరాలకు 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ చాలు. తిరిగే చక్రం ఉన్న పాత హార్డ్‌డిస్క్ వద్దే వద్దు. నెమ్మదితనం, కుదుపుల భయం అటుంచండి, మామూలు హార్డ్‌డిస్క్‌లను సుమారు 3,000 మీటర్ల ఎత్తు వరకు వాడటానికే తయారుచేస్తారు. లేహ్ పట్టణమే దాదాపు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి పలుచని గాలిలో డిస్కు మీద తేలే ముల్లుకు సరైన ఆధారం దొరకదు. ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగమే లేదు.

ఇంటెల్ ప్రాసెసర్ పేరు చదవడం నేర్చుకుంటే దుకాణంలో సగం పని తేలిక. ఐ5-7200యూ అంటే గీత తర్వాతి 7 దాని తరం. ఐ5-8350యూ ఎనిమిదో తరం. పదో తరం నుంచి మొదటి రెండు అంకెలూ చూడాలి. ఈ ఏడుకూ ఎనిమిదికీ మధ్య పెద్ద గోడ ఉంది. 2017లో వచ్చిన ఎనిమిదో తరంలో ఈ పలుచని లాప్‌టాప్‌ల ఐ5 ప్రాసెసర్లకు కోర్లు రెండు నుంచి నాలుగయ్యాయి. విండోస్ 11 కూడా, కొద్ది మినహాయింపులు తప్ప, ఎనిమిదో తరం నుంచే అధికారికంగా నడుస్తుంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ప్రయాణికులు ఎక్కడపడితే అక్కడి వైఫైకి తగులుకుంటారు కాబట్టి, భద్రతా అప్‌డేట్లు రాని యంత్రం మనకు పనికిరాదు. ఆరో, ఏడో తరానివి మరీ చవగ్గా దొరికితే విండోస్‌కు బదులు లైనక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకుని వాడవచ్చు, తెలుగు బాగానే వస్తుంది. ఆఫీసు సాఫ్ట్‌వేర్ విండోస్‌దే కావాలంటే ఎనిమిదో తరానికి కిందికి దిగవద్దు.

ఐదో అడుగు: ఏ రకం కొనాలి

పెద్ద కంపెనీలు మూడు నాలుగేళ్లకోసారి ఉద్యోగుల లాప్‌టాప్‌లను మూకుమ్మడిగా మార్చేస్తాయి. అవే శుభ్రపడి, బాగుపడి రీఫర్బిష్డ్ పేరుతో మార్కెట్‌కు వస్తాయి. కొత్తగా ఉన్నప్పుడు ఇవి ఖరీదైనవి, రోజూ సంచిలో తిరగడం కోసమే తయారైనవి. కీలు గట్టివి, మడత బందులు లోహానివి, విడిభాగాలు ఇప్పటికీ దొరుకుతాయి.

వెతకాల్సిన పేర్లు: డెల్ లాటిట్యూడ్ 7290, కొంచెం పెద్ద తెర కావాలంటే 7390. లెనోవో థింక్‌ప్యాడ్ ఎక్స్280. హెచ్‌పీ ఎలీట్‌బుక్ 830 జీ5. మొదటి మూడూ 1.2 కిలోల అటూఇటూగా, నాలుగోది 1.3 కిలోలకు కాస్త పైన తూగుతాయి. ఇవి ఎక్కువగా ఎనిమిదో తరంలో వచ్చినవి, యూఎస్‌బీ-సీతో ఛార్జవుతాయి. ధర పరిస్థితిని బట్టి సుమారు 15,000 నుంచి 25,000 రూపాయల మధ్య ఉంటుంది. ఎక్స్280లో ర్యామ్ బోర్డుకే అతికి ఉంటుంది, తర్వాత పెంచలేరు. కాబట్టి 8 జీబీ ఉన్నదే తీసుకోండి. 7290లో ర్యామ్ విడిగా ఉంటుంది, మార్చుకోవచ్చు. తెర విషయంలో జాగ్రత్త, ఈ మోడళ్లలో కూడా 768 చుక్కలవి చాలా వచ్చాయి. దుకాణదారుకు ఆ తేడా పట్టదు, మనకే పట్టాలి.

వీడియోలు కూర్చేవారికి వాడిన మ్యాక్‌బుక్ ఎయిర్ ఎం1 మంచి దారి. 2020 నవంబరులో వచ్చింది, 1.29 కిలోలు, లోపల ఫ్యాన్ లేదు, బ్యాటరీ రోజంతా వస్తుంది. పై ధరలకు దొరకదు, ఎక్కువ పెట్టాలి. రిపేరు ఖర్చు కూడా ఎక్కువ. స్లీపర్ బోగీలో దాన్ని తల కింద పెట్టుకుని నిద్రపోలేనివారు కొనకపోవడమే మంచిది. వస్తువు పోతుందన్న భయంతో గుడి బయట, జలపాతం బయట ఆగిపోవాల్సి వస్తే ప్రయాణమే చెడుతుంది.

క్రోమ్‌బుక్ బ్రౌజర్‌లోనే పని ముగిసేవారికి సరిపోతుంది. అరకు దారిలో సొరంగం తర్వాత సొరంగం వచ్చి సిగ్నల్ పోతుంటే మాత్రం దాని పరిమితి తెలుస్తుంది. పాతది కొంటే దానికి అప్‌డేట్లు ఏ ఏడాది వరకు వస్తాయో సెట్టింగ్స్‌లో చూసి కొనండి.

అమెరికా నుంచి బంధువు వస్తున్నారంటే అక్కడి నుంచి తెప్పించుకోవడం మన ఇళ్లలో మామూలే. 18 ఏళ్లు నిండిన ప్రయాణికుడు ఒక లాప్‌టాప్‌ను సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. కీబోర్డు అమరిక ఇక్కడిదీ అక్కడిదీ ఒకటే. వారంటీ భారతదేశంలో చెల్లుతుందో లేదో కొనే ముందే అడగమని చెప్పండి.

ఆరో అడుగు: దుకాణంలో అరగంట

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ అని పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్, చెన్నై రిచీ స్ట్రీట్, బెంగళూరు ఎస్పీ రోడ్డు, ఢిల్లీ నెహ్రూ ప్లేస్ ఈ సరుకుకు పేరున్న చోట్లు. ఉదయం వెళ్లండి, గిరాకీ తక్కువగా ఉన్నప్పుడు పరీక్షించనిస్తారు. మీ ఫోను, మీ యూఎస్‌బీ-సీ ఛార్జర్, ఒక పెన్‌డ్రైవ్, ఇయర్‌ఫోన్ వెంట తీసుకెళ్లండి.

ముందు మూసి ఉన్న లాప్‌టాప్‌ను బల్ల మీద పెట్టి కళ్ల ఎత్తు నుంచి చూడండి. అడుగుభాగం ఉబ్బి బల్ల మీద ఊగుతున్నా, టచ్‌ప్యాడ్ పైకి లేచి నొక్కుడు పడకపోయినా లోపల బ్యాటరీ ఉబ్బిందని అర్థం. అక్కడితో వదిలేయండి. తర్వాత ఒక మూల పట్టుకుని ఎత్తండి, కిర్రుమనకూడదు.

వెంటనే బయోస్‌లోకి, అంటే విండోస్ కన్నా ముందే తెరుచుకునే లోపలి సెట్టింగ్స్‌లోకి, వెళ్లండి. ఆన్ చేయగానే డెల్‌లో ఎఫ్2, థింక్‌ప్యాడ్‌లో ఎఫ్1, హెచ్‌పీలో ఎఫ్10 నొక్కాలి. పాస్‌వర్డ్ అడిగితే, ‘ఏం ఫరవాలేదు, వాడుకోవచ్చు’ అని ఎవరెంత చెప్పినా కొనవద్దు. దీనికి జోడీ అయిన ఇంకో తాళం ఉంది, అది నాకు ఆలస్యంగా తెలిసింది. కొన్న రెండు వారాలకు ప్రయాణంలో ఉండగా విండోస్‌ను మొదటి నుంచి వేసుకోవాల్సి వచ్చింది. వైఫై కలపగానే తెర మీద నేనెన్నడూ వినని ఒక సంస్థ పేరుతో స్వాగతం వచ్చింది, ఆ సంస్థ ఉద్యోగిగా లాగిన్ కమ్మంది. పాత యజమాని తన జాబితా నుంచి ఆ యంత్రాన్ని తీసేయలేదన్నమాట. దుకాణం ఉన్న ఊరికి వెళ్లి మార్చుకునేదాకా అది బరువు తప్ప మరేమీ కాదు. కాబట్టి డబ్బు చెల్లించే ముందు, నెట్ కలిపి ఉండగా, మీ ఎదుట రీసెట్ చేయించండి. గంట పట్టినా ఫరవాలేదు, టీ తాగి రండి. మ్యాక్‌బుక్ అయితే పాత యజమాని ఆపిల్ ఖాతా తొలగించాడా లేదా ఇలాగే చూడాలి.

ఇక బ్యాటరీ. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇంగ్లిషు అక్షరాల్లో పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, కొంచెం ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి, దానికి ఆనించి బ్యాటరీరిపోర్ట్ అని కొట్టండి. ఒక నివేదిక తయారవుతుంది. అందులో డిజైన్ కెపాసిటీ, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అని రెండు అంకెలుంటాయి. మొదటిది 60,000 మిల్లీవాట్ అవర్లు, రెండోది 42,000 ఉంటే బ్యాటరీలో 70 శాతం మిగిలిందని. రాత పనికి లాప్‌టాప్ గంటకు 7 వాట్ అవర్ల దాకా తీసుకుంటుందనుకుంటే 42 వాట్ అవర్లు ఆరు గంటలు వస్తాయి. అది చాలు. 60 శాతం కన్నా తక్కువైతే కొత్త బ్యాటరీ ధరను బేరంలో తగ్గించమని అడగండి.

కీబోర్డు పరీక్షకు నోట్‌ప్యాడ్ తెరిచి ప్రతి కీ నొక్కండి. అక్షరాలన్నీ పడ్డాయని ఆగవద్దు. ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో రాసేవారికి ‘చ’ సెమికోలన్ కీ మీద, ‘ట’ దాని పక్క కొటేషన్ కీ మీద, ‘డ’ చదరపు బ్రాకెట్ కీ మీద ఉంటాయి. ఇంగ్లిషు కొట్టేవారు వాటిని అరుదుగా తాకుతారు కాబట్టి అవి చచ్చిపోయి ఉన్నా దుకాణంలో ఎవరికీ తెలియదు. ఇంటికి వచ్చాక ‘చెట్టు’ అని రాయబోతే తెలుస్తుంది.

మిగతావి త్వరగా అయిపోతాయి. తెల్లటి పేజీ, నల్లటి పేజీ పెట్టి తెర మీద మచ్చలు చూడండి. మీ ఛార్జర్‌ను యూఎస్‌బీ-సీ రంధ్రంలో పెట్టి ఛార్జ్ ఎక్కుతోందో లేదో, తీగ కదిపితే ఆగిపోతోందో గమనించండి. పెన్‌డ్రైవ్‌ను ప్రతి రంధ్రంలో పెట్టండి. వీడియో కాల్‌తో కెమెరా, మైకు చూసినట్టవుతుంది. పావుగంట వీడియో నడిపి, ఫ్యాన్ చప్పుడు పక్క మంచం మీదివారిని లేపేలా ఉందేమో వినండి. అడుగున ఉన్న సీరియల్ నంబరు బిల్లు మీద వేయించుకోండి. జీఎస్‌టీ బిల్లు, కనీసం మూడు నెలల దుకాణపు వారంటీ రాతపూర్వకంగా లేకపోతే ధర ఎంత తగ్గినా వద్దు.

ఏడో అడుగు: దారిలో కరెంటు

రైలు బోగీల్లో ఛార్జింగ్ సాకెట్లకు రాత్రి 11 నుంచి ఉదయం 5 వరకు కరెంటు ఆపేస్తారు. అగ్నిప్రమాదాలు జరగకుండా పెట్టుకున్న నియమం ఇది. సాయంత్రం ఎక్కే రైలైతే భోజనం కన్నా ముందే ఛార్జింగ్ చూసుకోండి. ఛార్జర్ మీద 100–240 వోల్టులు అని ఉందో లేదో చూడండి, ఉంటే 110 వోల్టుల సాకెట్లున్న బోగీల్లోనూ పనిచేస్తుంది, పరదేశాల్లోనూ పనిచేస్తుంది. సాకెట్ వదులుగా ఉండి ఛార్జర్ జారిపోవడం మామూలే, చిన్న పొడిగింపు తీగ ఉంటే ఆ బాధ ఉండదు.

పవర్‌బ్యాంకు కొంటే యూఎస్‌బీ-సీ ద్వారా 45 వాట్లయినా ఇచ్చేది కావాలి. ఫోనుల కోసం చేసినవాటికి లాప్‌టాప్ స్పందించదు. విమాన నియమం వాట్ అవర్లలో ఉంటుంది. 20,000 ఎంఏహెచ్‌ను 3.7 వోల్టులతో గుణించి వెయ్యితో భాగిస్తే 74 వాట్ అవర్లు. 100 వరకు చేతి సామానులో తీసుకెళ్లవచ్చు, లగేజీలో వేయనివ్వరు. గాల్లో ఉండగా పవర్‌బ్యాంకు వాడటాన్ని కొన్ని విమానసంస్థలు నిషేధించాయి, ఎక్కే ముందు చూసుకోండి.

మంచు ప్రాంతాల్లో ఒక జాగ్రత్త. లిథియం బ్యాటరీని సున్నా డిగ్రీల కింద ఛార్జ్ చేస్తే అది శాశ్వతంగా దెబ్బతింటుంది. స్పితిలోనో లద్దాఖ్‌లోనో రాత్రి లాప్‌టాప్‌ను సంచితో సహా రగ్గులోకి తీసుకోండి. చలిలోంచి వెచ్చని గదిలోకి వచ్చిన వెంటనే సంచి తెరవవద్దు, యంత్రం మీద నీటి చెమ్మ పడుతుంది. గంట ఆగండి.

ఎనిమిదో అడుగు: బయల్దేరే ముందు

డిస్కు మొత్తానికి గుప్తలేఖనం (ఎన్‌క్రిప్షన్) పెట్టండి, దొంగ చేతికి చిక్కినా ఫైళ్లు చదవలేడు. విండోస్ ప్రొఫెషనల్‌లో దాన్ని బిట్‌లాకర్ అంటారు, ఆఫీసుల నుంచి వచ్చిన యంత్రాల్లో చాలావరకు ఈ రకమే ఉంటుంది. అది ఇచ్చే తాళపు సంఖ్యను (రికవరీ కీ) కాగితం మీద రాసి ఇంట్లో ఉంచండి, లాప్‌టాప్ సంచిలో కాదు. అవసరమైన ఫైళ్ల నకలు ఒక పెన్‌డ్రైవ్‌లో పెట్టి బట్టల సంచిలో వేయండి. రెండూ ఒకే సంచిలో ఉంటే రెండూ ఒకేసారి పోతాయి. టికెట్లు, మ్యాపులు, చదవాల్సినవి నెట్ లేకుండా తెరుచుకునేలా దించుకోండి. వానకు సంచి తొడుగుతో పాటు లోపల ఒక మందపాటి పాలిథిన్ కవరు ఉండాలి. కృష్ణా పుష్కరాల నాటి వానలో నా నోటుపుస్తకాలను కాపాడింది బియ్యం బస్తా లోపలి కవరే.

ఆ తర్వాత ఒక్క రాత్రి ప్రయాణం చేసి రండి. దగ్గరి ఊరికి బస్సులో వెళ్లి, బసలో రాత్రి పని చేసి, పొద్దున తిరిగి రావాలి. ఇంటికి రాగానే సంచి మంచం మీద బోర్లించి, తాకని వస్తువులన్నీ పక్కకు తీయండి. నా మొదటి పరీక్షలో మౌస్, పొడవాటి హెచ్‌డీఎంఐ తీగ, లాప్‌టాప్ కింద పెట్టే స్టాండు అలా బయటికి వచ్చాయి. మిగిలినదాన్ని మళ్లీ కిరాణా కొట్టు కాటా మీద పెట్టాను. 1 కిలో 610 గ్రాములు వచ్చింది.